లింగమ్మ తుంగ మోపు

లాలాపేటలో లింగమ్మ ఇల్లెక్కడ అంటే ఏ లింగమ్మ అని ఎదురడుగుతారు. గడ్డి లింగమ్మ అంటే మాత్రం పాలుతాగే పిల్ల కూడా వేలు చాచి ఆమె గుడిసె చూపిస్తుంది. తెల్లవారుతూనే కొడవలి నడుముకు చెక్కుకుని, నెత్తిన మోపు కింద పెట్టుకునే చుట్టబట్ట భుజాన వేసుకుని, తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీలోకి నడిచిపోయే మనిషి. ఆర్ట్స్ కాలేజీలో ఏ చదువు చెబుతారో ఆమెకు తెలియదు. దాని వెనక ఏ గుంటలో ఏ గడ్డి మొలుస్తుందో, ఏ వానకు ఎంత ఎత్తు లేస్తుందో మాత్రం ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పాడిబర్రెకు గరిక మంచిది, వట్టిపోయినదానికి ఏదైనా సరే. తుంగ ఒక్కటే ఏ బర్రెకూ పనికిరాదు. మూతిపెట్టి వాసన చూసి వదిలేస్తుంది.

మాట బహు తక్కువ ఆమెకు. ఆమె నోట్లోంచి ఒక ముక్క రాబట్టడమంటే బావిలో పడ్డ బొక్కెనను గాలంతో తీయడమే. ఆ ఓపిక ఉన్నవాళ్ళకు తెలిసిన సంగతి ఇది.

లింగమ్మది భువనగిరి దగ్గర పల్లె. పెనిమిటి రాజలింగు ఎవరివో బర్రెలు కాసేవాడు. ఆరేండ్ల కింద వానాకాలంలో అతనికి జ్వరం తగిలి పదకొండో రోజుకు మాట పడిపోయింది. పెద్దలు వచ్చి నాడి చూసి, ఇక లాభం లేదన్నారు. మంచం మీద ప్రాణం పోతే ఆ మంచాన్ని కూడా మోసుకుంటూ పోతాడని వాళ్ళ వైపు నమ్మకం. అందుకని నేల మీద పచ్చిగడ్డి పరిచి, తెల్లబట్ట కప్పి, మనిషిని దించుతారు. "కిందేసిన్రు" అన్న మాట వినబడితే ఊళ్ళో ఇక ఎవరూ మందు గురించి మాట్లాడరు.

ఆ గడ్డి కోసుకొచ్చింది లింగమ్మే. పరిచింది కూడా ఆమే.

దించిన తరువాత రాజలింగు రెండు రోజులు బతికాడు. రెండో పొద్దున కళ్ళు తెరిచి, స్పష్టంగా, "లింగీ, నన్నెందుకు కిందేసిన్రు?" అని అడిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ మంచం మీద వేద్దామని పెద్దలతో అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. దించినవాడిని తిరిగి ఎక్కించే ఆచారం లేదు. అనలేకపోయింది. పొద్దు గుంకేసరికి అతను పోయాడు.

పట్నం వచ్చాక కూడా ఆమెకు గడ్డి కోయడం తప్ప వేరే పని చేతకాలేదు. కోస్తుంది, మోస్తుంది, లాలాపేట బర్రెలవాళ్ళకు వేస్తుంది. ఎండకు అలిసిన ఆడవాళ్ళంతా మోపులకు ఆనుకుని వాలితే, ఆమె పోయి రాతి మీద కూర్చుంటుంది. గడ్డి మీద ఒళ్ళు ఆనించదు. ఎందుకే అంటే, "చీమలుంటయ్" అంటుంది.

అరవై ఎనిమిదో సంవత్సరం వానాకాలం. తార్నాకలో హెలెన్ టీచరమ్మ ఇంటి వెనక గదిలో ఇద్దరు పరదేశపు పిల్లలు అద్దెకుండేవారు. ఇథియోపియా నుంచి యూనివర్సిటీలో చదవడానికి వచ్చినవాళ్ళు. ఒకడు తెస్ఫాయె, రెండోవాడు దావిత్. తెస్ఫాయెను బజారంతా తెస్పయ్య అనేసేది, అతనూ పలికేవాడు. టీచరమ్మది గుంటూరు వైపు, మిషన్ బడిలో పాఠాలు చెబుతుంది. దావిత్ పేరు విని, "మా దావీదే కదయ్యా" అని ఇద్దరికీ గది ఇచ్చింది.

ఆగస్టులో దావిత్‌కు పచ్చకామెర్లు పట్టుకున్నాయి. పెద్దాసుపత్రిలో చూపించి మందులు తెచ్చారు. మంచం దిగవద్దన్నాడు డాక్టరు. వాటితో పాటు నేల ఉసిరి కూడా పోద్దామనుకుని టీచరమ్మ తెస్ఫాయెను లింగమ్మ దగ్గరికి తోలింది. గడ్డిలో కలిసి మొలిచే చిన్న మొక్క అది. తెలిసిన కంటికే కనబడుతుంది. ఆ రోజు నుంచి పందొమ్మిది రోజులు ఏరోజుకారోజు గుప్పెడు నేల ఉసిరి ఒడిలో వేసుకుని, తార్నాక మీదుగా పోతూ తనే స్వయంగా నూరి, మజ్జిగలో కలిపి ఆ పిల్లవాడి చేత తాగించి పోయేది లింగమ్మ. దావిత్ చేదుకు మొహం చిట్లిస్తే, "మింగు బిడ్డా, మింగు" అనేది. ఆ రెండు మాటలే. ఏ దేశం, ఎవరి బిడ్డ, తల్లి ఉన్నదా లేదా, ఏమీ అడగలేదు. మనమైతే మొదటి రోజే వాళ్ళ తాతల పేర్లు కూడా అడిగి ఉందుము!

సెప్టెంబరు పదో తారీఖు, మంగళవారం. ఎండ ఎక్కుతుండగా కాలేజీ వెనక కాలువ దగ్గరికి తెస్ఫాయె పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, రేపు నాకు గడ్డి కావాలి. ఒక మోపు."

లింగమ్మ కొడవలి ఆపింది. పక్కన కోస్తున్న సమ్మక్క మాత్రం పకపకా నవ్వింది. "ఏందయ్యా తెస్పయ్యా, బర్రెను కొన్నవా? మాకు చెప్పకనేనా?"

"బర్రె కాదు. ఇంట్లో కింద పరుస్తాం. పచ్చిది, పొడుగుది." అతను కాలువ గట్టు మీద తుంగ వైపు చెయ్యి చూపాడు. "అదే. రేపు దావిత్‌ను మంచం మీద ఉంచను. ఎన్ని రోజులైంది! చాలు ఇక. రేపు కిందికి."

సమ్మక్క నవ్వు టక్కున ఆగిపోయింది. కాలేజీ గంట మోగింది. "పసుపు పూలు కూడా ఉంటే" అంటూనే అతను పరుగెత్తాడు.

అప్పుడు లింగమ్మ వెంటబడి 'ఎందుకయ్యా' అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. ఆమె అడగలేదు.

"కామెర్ల పిలగాడే కదా?" అంది సమ్మక్క గొంతు తగ్గించి. "ఆశ ఇడిసినట్టున్నరే. లేకుంటే గడ్డి ఎందుకడుగుతడు? వాళ్ళ దేశంల కూడ మన లెక్కనే కిందేస్తరు గావొచ్చు."

"నిన్న మజ్జిగ తాగిండు" అంది లింగమ్మ.

"దీపం ఆరిపోయే ముంగట ఎలుగుతదంటరు గదా."

ఆ సాయంత్రం లింగమ్మ ఇంటికి పోతూ టీచరమ్మ గేటు ముందు ఆగింది. టీచరమ్మ ఇంట్లో లేదు, ప్రార్థన కూటానికి పోయింది. వెనక కిటికీలోంచి చూస్తే దావిత్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చెంపలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. తెస్ఫాయె బల్ల మీద వంగి, పెట్టె అడుగు నుంచి తీసిన పొడవాటి తెల్లబట్టను ఇస్త్రీ చేస్తున్నాడు.

తెల్లబట్ట చూసిన తరువాత ఆమె తలుపు తట్టలేదు. వచ్చిన కాళ్ళతోనే వెనక్కి పోయింది.

మరునాడు తెల్లవారి పనిలోకి దిగుతూ ఒక నిర్ణయం చేసుకుంది. తుంగ కోయదు. కోయకపోతే పరచలేరు, పరచకపోతే దించలేరు. ఇంకో ఒక్క రోజన్నా ఆ పిల్లవాడు మంచం మీద ఉంటాడు. ఈ ఆలోచనతోనే గబగబా గరిక కోస్తుండగా, కళ్ళు ఎర్రగా వాచి, కారుతున్న నీళ్ళను చొక్కా చేతితో తుడుచుకుంటూ తెస్ఫాయె వచ్చాడు.

"గడ్డి ఏదమ్మా?"

"దొరకలే."

అతను ఆమె వెనక చూశాడు. కాలువ పొడుగునా తుంగ నడుమెత్తున ఊగుతున్నది. గట్టు మీద పడి ఉన్న సమ్మక్క కొడవలి తీసుకుని, ఇస్త్రీ పాంటు మోకాళ్ళదాకా మడిచి బురదలోకి దిగాడు. కుడిచేత్తో గుంజుతాడు, ఎడమచెయ్యి అడ్డం పెడతాడు. రెండో పట్టుకే వేలు తెగింది.

"ఇడిసిపెట్టు!" లింగమ్మ అరిచింది. ఆమె అంత గట్టిగా అరవడం సమ్మక్క అదివరకెన్నడూ వినలేదు.

తెస్ఫాయె తెగిన వేలు నోట్లో పెట్టుకుని, "అమ్మా, ఇవాళే. పొద్దు ఎక్కకముందు. రేపు వేస్తే లాభం లేదు" అన్నాడు. కళ్ళలోంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఆమె ఆ కళ్ళ వైపు చూసింది. తల్లి లేదు, తండ్రి లేడు, కులపువాళ్ళు లేరు, ఊరు ఏ సముద్రాల అవతలనో. చేయవలసినవాడు ఈ ఒక్క పిల్లవాడే. వీడికి గడ్డి కోయడం కూడా రాదు. వట్టి సిమెంటు మీద వేస్తాడా ఆ దావిత్‌ను?

లింగమ్మ కాలువలోకి దిగింది. తుంగ మొదలంటా కోసింది. ప్రతి కోతకూ తడిసిన తుంగగడ్డల వాసన గుప్పుమన్నది. మోపు కట్టి, ఎత్తడానికి వంగితే, తెస్ఫాయె ఆపి తనే నెత్తికి ఎత్తుకున్నాడు. చుట్టబట్ట కూడా లేకుండానే. డిగ్రీ చదివే పిల్లవాడు నెత్తిన గడ్డిమోపుతో కాలేజీ ముందు నుంచి పోతుంటే మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఈలలు వేశారు. "అరే భాయ్, ఎవరి పెండ్లికి?" అని ఒకడు అరిచాడు. అతను తల తిప్పలేదు.

లింగమ్మ రాతి మీద కూలబడింది. ఒడిలో ఏదో తడిగా తగిలింది. చూసుకుంటే గుప్పెడు నేల ఉసిరి. పొద్దున్నే, గరిక కోస్తూ కోస్తూ, రోజూ ఏరినట్టే ఏరి ఒడిలో వేసుకున్నది. మందు ఏరిన చేత్తోనే గడ్డి కోసి ఇచ్చింది.

కిందటి మాటు కూడా గడ్డి తనే కోసింది. కిందటి మాటు కూడా నోరు మూసుకున్నది.

లేచింది.

"యాడికే?" అంది సమ్మక్క. "బర్లోళ్ళు ఎదురుచూస్తరు!"

"సూడనీ."

మొదట నడిచింది. తరువాత వడిగా నడిచింది. తోట మలుపు దాటేసరికి పరుగే. నలభై ఐదు దాటిన మనిషి, చీర గోచీ బిగించి, చేతిలో కొడవలితో తార్నాక రోడ్డు మీద పరుగెడుతుంటే సైకిలువాడు కిందికి దిగి దారి ఇచ్చాడు. చౌరస్తాలో బస్సు దిగుతున్న ఆడమనిషి, "ఏమయిందమ్మా, ఎవరికి?" అని అడిగింది. లింగమ్మకు వినబడలేదు. ఆమె చెవుల్లో ఒకే మాట మోగుతున్నది. నన్నెందుకు కిందేసిన్రు. నన్నెందుకు కిందేసిన్రు.

గేటు తెరిచే ఉన్నది. వెనక గది కిటికీలోంచి పొగ వస్తున్నది. గుగ్గిలం వాసన. దానితో పాటు ఇంకేదో మాడుతున్న వాసన. ఆమె చెప్పులు ఎక్కడ విడిచిందో తెలియదు.

గడపలో నిలబడి చూసింది. గదిలో నేల కనబడలేదు. గోడ నుంచి గోడ దాకా తను కోసిన తుంగే. కిటికీ కింద, ఆ పచ్చటి గడ్డి మీద, తల నుంచి పాదాల దాకా తెల్లబట్ట చుట్టుకుని దావిత్ పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. తలాపున ఇత్తడి చెంబులో తంగేడు పూలు. పక్కన బొగ్గుల కుంపటి ముందు తెస్ఫాయె గొంతుకూర్చుని ఉన్నాడు.

తెల్లబట్ట రొమ్ము దగ్గర కొద్దిగా లేచింది, మళ్ళీ తగ్గింది.

"ఊపిరున్నది!" లింగమ్మ కేక ఇంటి పెంకులు ఎగిరేటట్టు లేచింది. "కండ్లు కనవడ్తలేవా? ఊపిరి ఆడుతున్నది! బతికున్నోన్ని ఎట్ల కిందేస్తవురా?"

కొడవలి విసిరేసి లోపలికి దూకింది. దావిత్ చంకల కింద చేతులు వేసి ఒక్క గుంజుతో లేపింది. ఏండ్లుగా మోపులు ఎత్తిన చేతులు. కామెర్లకు ఎండిపోయిన పిల్లవాడు ఆ చేతుల్లో గరికమోపంత కూడా లేడు. ఆమె కాలు తగిలి కుంపటి మీది పెనం బోర్లపడింది. వేగుతున్న నల్లటి గింజలు గడ్డి నిండా చిందాయి. దావిత్‌ను మంచం మీదికి ఎత్తి, రెండు చేతులా అదిమిపట్టి, "దించనియ్య. ఎవ్వడొస్తడో రానీ, దించనియ్య" అన్నది.

దావిత్ బిత్తరపోయి కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. తార్నాక బజారులో విన్న తెలుగే వచ్చింది అతనికి.

"అమ్మా, నన్ను ఎవరు ఎయ్యలే. నేనే దిగిన."

లింగమ్మ చేతులు బిగిసే ఉన్నాయి. "ఏంది?"

"నేనే దిగిన. నడిచి. మంచంల బోర్ కొట్టింది."

"నువ్వే దిగినవా?"

"నేనే."

"మల్ల ఎక్కుతవా?"

"నిద్రొస్తే ఎక్కుతా" అన్నాడు దావిత్.

ఆ మాటకు ఆమె చేతులు వదులయ్యాయి. మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది.

ఇంతలో వంటింట్లోంచి హెలెన్ టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతున్నది. చేతిలో సగం కోసిన ఉల్లిపాయ. "ఏంటా అరుపులు? ఎవరు పడ్డారు? ఏంటి లింగమ్మా, కొడవలేంటి?" అంటూ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "రామ రామ, ఈ తెస్ఫాయె కోడికూర కాదు గాని, తెల్లారగట్ల నుంచి ఇద్దరం ఉల్లిపాయలు కోస్తూనే ఉన్నాం. సవా శేరు కోడికి మూడు శేర్ల ఉల్లిపాయలమ్మా! కళ్ళు పోయాయి నాకు."

క్రైస్తవురాలి నోట రామ రామ ఏమిటని అడక్కండి. ఉల్లిఘాటు అలాంటిది.

లింగమ్మ తెస్ఫాయె కళ్ళ వైపు చూసింది. టీచరమ్మ కళ్ళ వైపు చూసింది. ఉల్లిపాయ వైపు చూసింది. "మరి గడ్డి?" అన్నది. జీవితంలో ఒకరిని ఎందుకని ఆమె అడగడం అదే మొదటిసారేమో.

"ఇవాళ వాళ్ళకి కొత్త సంవత్సరమమ్మా. మీకు ఉగాది ఎలాగో అలాగ. ఇంట్లో పచ్చిగడ్డి పరిచి, తెల్లబట్టలు కట్టుకుని, కాఫీగింజలు వేయించుకుని కూర్చుని తాగుతారట. నీకు చెప్పలేదూ వీడు?"

తెస్ఫాయె గడ్డిలోంచి గింజలు ఏరుతూ తలెత్తాడు. "చెప్పాననుకున్నా" అన్నాడు. "పోయిన సంవత్సరం ఈ రోజు మర్చిపోయాం అమ్మా. క్లాసుకు పోయి వచ్చాం, అంతే. ఈసారి జ్వరంలో దావిత్ రోజూ ఒకటే మాట. ఇంట్లో గడ్డి వాసన రావాలి, అప్పుడే సంవత్సరం మారుతుంది అని. అందుకే." తెగిన వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉన్నాడు.

లింగమ్మ ఆ వేలు చూసింది. తరువాత, ఎవరూ అడగకుండానే, మంచం కోడు వదలకుండానే, నాలుగు ముక్కల్లో చెప్పింది. తమ ఊళ్ళో గడ్డి ఎప్పుడు పరుస్తారో. రాజలింగు ఏమడిగాడో. టీచరమ్మ ఉల్లిపాయను కిటికీలో పెట్టి, కొంగుతో మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. ఈసారి ఉల్లిపాయ కారణం కాదు.

కాసేపటికి టీచరమ్మే మాట మార్చింది. "ఇంకో విడ్డూరం విన్నావా? వాళ్ళకి ఏడాదికి పదమూడు నెలలట."

"మనకు అధికమాసం లేదా?" అన్నది లింగమ్మ.

"అదీ కాదు, మనకి అరవై ఎనిమిది కదా. వాళ్ళకి ఇవాళ్టి నుంచి అరవై ఒకటి. ఏడేళ్ళు వెనకున్నారు!"

లింగమ్మ కుడిచేతి వేళ్ళు మడవసాగింది. ఒకసారి మడిచి, తెరిచి, మళ్ళీ మడిచింది. "ఏడేండ్లు ఎనకనా?" అన్నది. "మా ఆయిన పోయి ఆరేండ్లాయె."

ఆమె తెస్ఫాయె వైపు తిరిగింది.

"గట్లయితే మీ తాన ఆయిన ఇంక ఉన్నట్టే గదా."

తెస్ఫాయె నవ్వలేదు. చేతిలో గింజలు పట్టుకుని నిజంగానే లెక్కవేశాడు. "ఉన్నాడమ్మా" అన్నాడు. "మా లెక్కలో ఇంకో ఏడాది ఉన్నాడు."

దావిత్ మంచం దిగాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నాలుగు అడుగులు వేసి, తన పాతచోటే గడ్డి మీద కూర్చున్నాడు. పక్కన చేత్తో తట్టాడు. "రా అమ్మా."

లింగమ్మ ఆ గడ్డిని చాలాసేపు చూసింది. కొత్తగా కోసిన తుంగ, కొసలు ఇంకా వాడలేదు. ఆమె గడప వైపు ఒకసారి చూసి, కొడవలి ఎక్కడుందో చూసి, ఇక చూడవలసినది ఏదీ లేకపోయేసరికి, ముందు అరచెయ్యి ఆనించి, మెల్లగా ఒంగి కూర్చుంది. చల్లగా తగిలింది.

గింజలు మళ్ళీ వేగాయి. దంచి, కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోశాడు తెస్ఫాయె. మూడుసార్లు తాగాలట, మధ్యలో లేవకూడదట. మొదటి గుక్కకే లింగమ్మ మొహం చిట్లించింది.

"మింగు అమ్మా, మింగు" అన్నాడు దావిత్.

టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. లింగమ్మ మింగింది. దావిత్ తన కప్పు కోసం చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒకటి వేసి, ఒడిలోంచి నేల ఉసిరి తీసింది. "నీకిది. కాఫీ గీఫీ కామెర్లు తగ్గినంక."

మూడు కప్పులూ అయ్యేదాకా లేవలేదు ఆమె.

పొద్దు నడినెత్తికి వచ్చాక లింగమ్మ కాలువ గట్టుకు తిరిగి వచ్చింది. సమ్మక్క అప్పటికే ఇద్దరి వంతూ గరిక కోసి రెండు మోపులు కట్టి, ఏ కబురు వినవలసి వస్తుందోనని రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నది. ఎదురెళ్ళి, "పాయెనా పిలగాడు?" అని అడిగింది.

"మంచిగున్నడు."

సమ్మక్క నమ్మలేక ఆమెను కింది నుంచి పైదాకా చూసింది, చుట్టూ తిరిగి చూసింది. "ఇదేందే, ఎనుక చీరె నిండ తుంగ అంటుకున్నది?"

లింగమ్మ దులుపుకోలేదు. వంగి తన మోపు కింద చేతులు పెట్టింది.

"కూసున్న" అన్నది.